ఇంప్లాంట్ పెట్టించుకున్నాక గడ్డ తగిలితే

(ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునున్న పర్లాకిమిడిలో ఆడవాళ్ళ కోసం పెట్టిన ఒక ఆరోగ్య సమావేశంలో రొమ్ము ఆపరేషన్లు చేసే డాక్టరు మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాశాం. మధ్యమధ్యలో ఒరియాలో చెప్పిన ముక్కల్ని తెలుగులోకి మార్చాం. ప్రశ్నలు అడిగినవాళ్ళ పేర్లు వేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి మోత వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ నిలబడి గ్రాంథికం దంచితే ఆయన ఊరుకోరు, కాబట్టి ఓపీలో మీతో ఎలా మాట్లాడతానో అలాగే మాట్లాడతాను. రొమ్ము అన్న మాట వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకోకండి. వెనక నలుగురు మగవాళ్ళు కూర్చున్నారని చూస్తున్నారు మీరు, ఉండనివ్వండి, వాళ్ళ ఇళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు, విననివ్వండి.

నన్ను పిలిచినవాళ్ళు రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పమన్నారు. చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్టోబరు నెల వస్తే గులాబీ రంగు రిబ్బన్లు కట్టి మరీ చెప్తారు. నేను అందులోనే ఎవరూ ముట్టుకోని ఒక మూల గురించి మాట్లాడదామని వచ్చాను. రొమ్ములో ఇంప్లాంట్ పెట్టించుకున్నాక గడ్డ తగిలితే ఏమిటి? ఇందాక టీ తాగుతుంటే ఒకావిడ అన్నారు, "మన పర్లాకిమిడిలో అవెవరికుంటాయి డాక్టరమ్మా, సినిమావాళ్ళకి కదా" అని. ఉన్నాయమ్మా. పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి, ఇటు కాశీనగర్, గుణుపురం వైపు నుంచి నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేశాక మళ్ళీ కట్టించుకున్నవాళ్ళున్నారు, పుట్టుకతోనే ఒకవైపు పెరగక పెళ్ళికి ముందు చేయించుకున్నవాళ్ళున్నారు, మాకిలా ఉంటే బాగుంటుందని ఇష్టపడి చేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈ మూడో రకం వాళ్ళని చూసి మూతి విరవకండి. ఎవరి ఒళ్ళు వాళ్ళిష్టం. హైదరాబాదులోనో, విశాఖలోనో, భువనేశ్వర్‌లోనో చేయించుకుని, వారం తర్వాత ఏమీ ఎరగనట్టు ఊళ్ళో దిగుతారు. ఆ తర్వాత ఆ సంగతి గురించి ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు. నా బాధంతా ఆ నోరెత్తకపోవడం గురించే.

ముందు ఆ వస్తువేమిటో చెప్తాను. సిలికాన్‌తో చేసిన ఒక సంచి. లోపల సిలికాన్ జెల్ ఉంటుంది, కొన్నింట్లో ఉప్పునీరు ఉంటుంది. మొట్టమొదట 1962లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆవిడకి పెట్టారు. ఆవిడ అసలు అందుకోసం రాలేదు. పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికొస్తే, ఇదిగో ఇలాంటిదొకటి కొత్తగా చేస్తున్నాం, పెట్టించుకుంటారా అని అడిగారట డాక్టర్లు. ఆవిడేమో మీరు నా చెవులు సరిచేస్తానంటే సరేనందట. (నవ్వులు) నిజమేనమ్మా, వైద్య చరిత్రలో సగం ఇలాగే జరిగింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ సంచి చాలా మారింది, కానీ ఒక సంగతి మారలేదు. అది జీవితాంతం ఉండే వస్తువు కాదు. కొందరికి 20 ఏళ్ళు ఏ గొడవా లేకుండా ఉంటుంది, కొందరికి పదేళ్ళలోపే మార్చాల్సి వస్తుంది. ఆపరేషన్‌కి ముందు ఈ మాట చెప్పాలి. చెప్పని చోట్లు ఉన్నాయి.

కాల్లో ముల్లు దిగి తీయకుండా వదిలేస్తే చుట్టూ ఒళ్ళు గట్టిపడి ఒక పొర కడుతుంది చూడండి, ఇంప్లాంట్ చుట్టూ కూడా శరీరం అలాగే ఒక పొర కడుతుంది. అది జబ్బు కాదు, అందరికీ కడుతుంది. కొందరిలో మాత్రం ఆ పొర బిగుసుకుపోయి రొమ్మంతా గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, ముదిరితే నొప్పి కూడా పెడుతుంది. దాన్ని మేము నాలుగు దశలుగా లెక్కేస్తాం. మొదటి రెండింటికీ పెద్దగా చేసేదేమీ లేదు, మూడు, నాలుగు అయితే ఆపరేషన్ ఆలోచించాలి. ఇది గడ్డ కాదు, కానీ చాలామంది "గడ్డ పెరిగి రొమ్మంతా పాకింది" అని ఏడుస్తూ వస్తారు.

ఇక అసలు గడ్డల సంగతికొద్దాం. ఆపరేషనైన మొదటి వారాల్లో చేతికి తగిలేది చాలామటుకు రక్తం గడ్డకట్టడమో, నీరు చేరడమో, లోపలి కుట్ల ముడో అయి ఉంటుంది. అందులో చాలావరకు వాటంతటవే కరుగుతాయి. కానీ ఎర్రబడి, కాలుతూ, జ్వరం వస్తే మాత్రం మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని రెండ్రోజులు చూద్దాం అనుకోకండి, ఆ రోజే వెళ్ళాలి. ఇంప్లాంట్ చుట్టూ చీము పడితే మందులకు లొంగడం కష్టం, ఆలస్యమైతే సంచే తీసేయాల్సి వస్తుంది.

తర్వాత నెలలకో, ఏళ్ళకో తగిలేవి వేరు. అన్నిటికన్నా ఎక్కువగా జనం బెంబేలెత్తిపోయేది దేనికో తెలుసా? ఇంప్లాంట్ అంచుకే. సన్నగా ఉన్నవాళ్ళలో, చర్మం కింద కండ తక్కువున్నవాళ్ళలో ఆ సంచి అంచు ముడత పడుతుంది. రొమ్ము కిందిభాగంలో, బయటివైపు, పక్కటెముకల దగ్గర చెయ్యి పెడితే వేలికి చిన్న మెలిక తగులుతుంది. పడుకుంటే ఉండదు, కూర్చుని ముందుకు వంగితే వస్తుంది. నొక్కితే లోపలికి జారుతుంది, వేలు తీస్తే మళ్ళీ అక్కడికే వస్తుంది. రాత్రి స్నానం చేస్తుంటే అది తగిలి, తెల్లారేదాకా నిద్రపోకుండా ఫోన్లో వెతికి వెతికి, పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేసినవాళ్ళని చూశాను. స్కాన్ చేసి, తెర మీద ఆ ముడత చూపించి, "ఇదిగో అమ్మా, ఇదే" అంటే ఊపిరి పీల్చుకుంటారు. అయితే నేనిలా చెప్పాను కదా అని మీకు తగిలింది కూడా అంచేనని ఇంట్లో తేల్చేసుకోకండి. నేను కూడా చేత్తో తేల్చను. ముప్పయ్యేళ్ళ అనుభవమున్న సర్జన్ వేలు కూడా స్కాన్ కాదు.

ఇంకోటి, కొవ్వు చచ్చిపోయి గడ్డకట్టడం. పొట్ట దగ్గరి కొవ్వు తీసి రొమ్ములో ఎక్కించినవాళ్ళలో, ఆపరేషన్లో ఎక్కడైనా రక్తం సరిగ్గా అందని చోట కొవ్వు చనిపోయి రాయిలాగా అవుతుంది. ఒక్కోసారి మీద చర్మం లోపలికి లాగేసినట్టుంటుంది. ఇది మహా మాయదారి గడ్డ. చూస్తే అచ్చం క్యాన్సర్‌లా ఉంటుంది, స్కాన్‌లో కూడా ఒక్కోసారి అలాగే కనబడుతుంది, ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప తేలదు. తేలాక మాత్రం దాంతో ఏ ప్రమాదమూ లేదు.

ఇప్పుడు ఒక పిల్ల సంగతి చెప్తాను. ఊరు చెప్పను, వివరాలు కాస్త మార్చాను. ఆ పిల్లకి ఒకవైపు రొమ్ము సరిగ్గా పెరగలేదు. పెళ్ళిచూపులకు ముందు తల్లి, మేనమామ కలిసి పెద్ద ఊరు తీసుకెళ్ళి ఇంప్లాంట్ పెట్టించారు. అత్తవారికి తెలియదు, మొగుడికి కూడా ఏదో చిన్నప్పటి ఆపరేషన్ మచ్చ అని చెప్పారు. ఇద్దరు పిల్లలు పుట్టారు, పాలిచ్చింది, అంతా బాగానే ఉంది. కొన్నేళ్ళకి చంకలో బిళ్ళ కట్టింది. దగ్గర్లో చూపించుకుంది. వాళ్ళు చంక వరకే స్కాన్ తీశారు, బిళ్ళలోకి సూది పెట్టి పరీక్ష చేయించారు. రిపోర్టులో గ్రాన్యులోమా అని వచ్చింది, అంటే ఒంట్లో చేరిన క్రిమినో, పరాయి వస్తువునో కణాలు చుట్టుముట్టి కట్టిన ముద్ద. మన దేశంలో చంకలో బిళ్ళ, సూది పరీక్షలో గ్రాన్యులోమా అంటే డాక్టరు బుర్రలోకి మొదట వచ్చేది టీబీ. ఆ డాక్టర్ని నేను తప్పు పట్టను, మన దగ్గర టీబీ అంతగా ఉంది మరి. మందులు మొదలుపెట్టారు. మూత్రం ఎర్రగా వస్తూ, వాంతులవుతూ, అన్నం సయించక, నెలల తరబడి ఆ మాత్రలు మింగింది పాపం. బిళ్ళ ఆవగింజంత కూడా తగ్గలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు పరీక్ష చేస్తుంటే రొమ్ము కింద మడతలో సన్నటి గీత కనబడింది. బాగా కుట్టిన కుట్టు, వెతికితే తప్ప కనబడదు. నేనేమీ అనలేదు. మొగుణ్ణి, అత్తగారిని బయట కూర్చోమని, "ఇది దేనికమ్మా?" అన్నాను. రెండు నిమిషాలు నేలచూపులు చూసి, ఏడ్చేసి, అప్పుడు చెప్పింది. మొత్తం రొమ్ముకి స్కాన్ తీయిస్తే ఇంప్లాంట్ ఎప్పుడో చిరిగింది. పైకి ఏమీ తెలియలేదు, ఎందుకంటే జెల్ సంచి చిరిగితే ఉప్పునీటి సంచిలా చప్పబడిపోదు, చాలామందికి ఆకారం అలాగే ఉంటుంది, నొప్పి ఉండదు. కారిన సిలికాన్ కొంచెం కొంచెంగా చంకలోని లింఫు గ్రంథుల్లోకి చేరి అక్కడ పేరుకుంటుంది, శరీరం దాని చుట్టూ గ్రాన్యులోమా కడుతుంది. స్కాన్ తెర మీద ఆ బిళ్ళ వెనకేమీ కనబడకుండా తెల్లగా అలికేసినట్టుంటుంది, చూసే కంటికి వెంటనే తెలిసిపోతుంది. కానీ రొమ్ములో సిలికాన్ ఉందని తెలిస్తే కదా ఆ కంటితో చూసేది! ఇంప్లాంట్ తీసేశాం. బిళ్ళని ముట్టుకోలేదు, అది ఉన్నా ఏమీ చేయదు. టీబీ మందులు ఆపించాం.

అత్తగారికి చెప్పాలా, మొగుడికి చెప్పాలా అన్నది మీ సంసారం, అందులో నేను తలదూర్చను. స్కాన్ తీసేవాళ్ళకి, సూది పెట్టేవాళ్ళకి, మీకు వైద్యం చేసే డాక్టరుకి మాత్రం చెప్పి తీరాలి. నలుగురిలో చెప్పడానికి సిగ్గయితే చీటీ మీద రాసివ్వండి. "నాకు ఇంప్లాంట్ ఉంది, ఫలానా ఏడాది పెట్టించుకున్నాను" అంతే. చీటీ చదివి ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. ఎవరైనా వెకిలిగా నవ్వితే ఆ సెంటరు మార్చండి.

స్కాన్ల గురించి కొంచెం చెప్పాలి. రొమ్ము ఉండి దాని వెనక ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి అల్ట్రాసౌండ్, దాంతోపాటు వయసునిబట్టి మ్యామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీస్తాం. సిలికాన్ ఎక్స్‌రేలో తెల్లగా అడ్డం పడుతుంది, దాని వెనకున్నది కనబడదు. అందుకని ఇంప్లాంట్‌ని ఛాతీవైపు వెనక్కి నెట్టి, రొమ్ముని ముందుకు లాగి, విడిగా ఫొటోలు తీస్తారు. ఎక్‌లండ్ అనే రేడియాలజిస్టు 1988లో ఈ పద్ధతి రాశారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. మామూలుగా రెండు రొమ్ములకీ కలిపి నాలుగు ఫొటోలు తీసేచోట వీళ్ళకి ఎనిమిది తీస్తారు. ఇది అన్ని సెంటర్లలో చేయరు. వెళ్ళేముందు ఫోన్ చేసి "ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి తీస్తారా?" అని అడిగి వెళ్ళండి, లేకపోతే ఇక్కణ్ణుంచి శ్రీకాకుళం దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తారు. క్యాన్సర్‌కి రొమ్ము పూర్తిగా తీసేసి ఇంప్లాంట్ పెట్టినవాళ్ళకి ఆ వైపు మ్యామోగ్రామ్ సాధారణంగా అక్కర్లేదు, గడ్డ తగిలితే అల్ట్రాసౌండ్, కావాలంటే ఎమ్మారై. సంచి చిరిగిందా లేదా తేల్చడానికి అన్నిటికన్నా నమ్మకమైంది ఎమ్మారై. ఏ బాధా లేకపోయినా జెల్ ఇంప్లాంట్ పెట్టిన అయిదారేళ్ళకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి అల్ట్రాసౌండో, ఎమ్మారైయో తీయించమని అమెరికాలో మందుల్నీ, వైద్య పరికరాల్నీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తోంది. మన దగ్గర ఎంతమంది తీయిస్తున్నారు? నన్ను అడక్కండి, కోపం వస్తుంది.

అన్నట్టు కాపడం. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మనకి ఎక్కడ గడ్డ తగిలినా ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టడం అలవాటు, లేదంటే ఉమ్మెత్తాకు వేడిచేసి కట్టడం. రొమ్ము తీసేసి మళ్ళీ కట్టిన చోట చర్మానికి స్పర్శ చాలా తక్కువ ఉంటుంది, కొందరికి అసలుండదు. నరాలు తెగిపోయి ఉంటాయి కదా. అక్కడ వేడి పెడితే కాలుతున్న సంగతి మీకు తెలియదు. కూతురు కాపడం పెడుతూ "వేడిగా ఉందా అమ్మా?" అంటే తల్లి "లేదు, ఇంకాస్త పెట్టు" అంటుంది. బొబ్బలెక్కాక చూసుకుంటారు. చర్మం పల్చగా ఉంటుంది, కాలి పుండైతే కింద సంచి బయటపడుతుంది, ఇక దాన్ని తీసేయడమే. వేడినీళ్ళ బ్యాగు కూడా వద్దు. మంత్రసానమ్మ చేత నూనె రాయించి గట్టిగా పిసికించడమూ వద్దు.

సరే, ఇప్పుడు కార్డు. ఇంప్లాంట్ పెట్టినప్పుడు డబ్బాలో చిన్న స్టిక్కర్లు వస్తాయి. వాటి మీద కంపెనీ పేరు, రకం, సైజు, లాట్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. ఒకటి కేసు షీటులో అంటిస్తారు, ఒకటి కార్డు మీద అంటించి మీకివ్వాలి. చాలామంది దాన్ని అక్కడే పారేస్తారు, ఇంటికి తీసుకెళ్తే ఎవరైనా చూస్తారని. అలా చేయకండమ్మా. ఫొటో తీసి మీరు నమ్మే ఒక మనిషికి పంపి పెట్టండి. దాని అవసరమేంటో చెప్తాను. ఫ్రాన్సులో పిప్ అనే కంపెనీ ఉండేది. వైద్యానికి వాడే సిలికాన్‌కి బదులు పరిశ్రమల్లో వాడే చవక సిలికాన్ నింపి అమ్మింది, ఫ్రాన్సులోనే కాదు, ఎన్నో దేశాల్లో. అవి మిగతావాటికన్నా ఎక్కువగా చిరిగిపోయాయి. 2010లో బయటపడింది, 2013లో ఆ కంపెనీ పెట్టిన జాన్ క్లోడ్ మాస్‌కి నాలుగేళ్ళ జైలు వేశారు. అప్పుడు లక్షల మంది ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న ఒక్కటే, నా లోపలున్నది ఆ కంపెనీదా కాదా? కార్డున్నవాళ్ళకి అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది. లేనివాళ్ళు నెలలు తిరిగారు.

రెండో కారణం 2019 నాటిది. ఇంప్లాంట్లలో నున్నటివి ఉంటాయి, గరుకువి ఉంటాయి. గరుకు వాటితో చాలా అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే లింఫు కణాల క్యాన్సర్, వస్తుందని 2011 నుంచీ ఎఫ్‌డీఏ చెప్తూ వచ్చింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించింది, 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇది రొమ్ము క్యాన్సర్ కాదు. ఇంప్లాంట్ చుట్టూ కట్టే పొరలో పుట్టేది. ఎక్కువగా ఎలా బయటపడుతుందంటే, ఆపరేషనై ఏడెనిమిదేళ్ళో, పదేళ్ళో అయ్యాక, అంతా మర్చిపోయిన వేళ, ఉన్నట్టుండి ఒకవైపు రొమ్ము ఉబ్బిపోతుంది. కొందరిలో గడ్డ తగులుతుంది, కొందరికి చంకలో బిళ్ళ. ఉబ్బిన చోట చేరిన నీరు తీసి పారబోస్తే మనిషికి హాయిగా ఉంటుంది, అందుకే కొన్నిచోట్ల తీసి పారబోసి పంపేస్తారు. ఆ నీరే సాక్ష్యం. దాన్ని వీలైనంత ఎక్కువ పట్టి పరీక్షకు పంపి, ఆ లింఫోమా కణాల మీద ఉండే సీడీ 30 అనే గుర్తు ఉందో లేదో చూడాలి. "నీళ్ళు ల్యాబుకి పంపారా?" అని మీరే అడగండి, అడిగితే ఏ డాక్టరూ కొట్టడు. త్వరగా పట్టుకుంటే ఇంప్లాంట్‌నీ, దాని చుట్టూ ఉన్న పొరనీ మొత్తంగా తీసేస్తే చాలామందికి అంతటితో నయమవుతుంది, కీమో కూడా అక్కర్లేదు. ఇంకో మాట, గరుకు ఇంప్లాంట్ ఉంది కానీ ఏ బాధా లేదు అనేవాళ్ళు ఇప్పుడు పరిగెత్తుకెళ్ళి తీయించుకోనక్కర్లేదు. తెలుసుకుని ఉండండి, ఏడాదికోసారి చూపించుకోండి.

మామూలు రొమ్ము క్యాన్సర్ సంగతేంటి మరి? ఇంప్లాంట్ వల్ల అది రాదు. ఇంప్లాంట్ ఉందని రాకుండానూ పోదు, మిగతా ఆడవాళ్ళకి ఎంత అవకాశముందో వీళ్ళకీ అంతే. మన దేశంలో 2022లో దాదాపు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ లెక్క, ఆడవాళ్ళకొచ్చే క్యాన్సర్లలో అదే మొదటిది. ఒకసారి క్యాన్సర్ వచ్చి రొమ్ము తీయించుకుని, కీమో అయి, కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని, ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళయితే కుట్టు దగ్గర, చర్మం కింద కొత్తగా చిన్న బుడిపె వచ్చినా ఊరుకోకూడదు. "రొమ్మే లేదు కదా, ఇంకెక్కడ వస్తుంది" అంటారు. కొంచెం కండ చర్మానికి అంటుకుని మిగులుతుందమ్మా, మళ్ళీ వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది. ఒక్క అదృష్టమేమిటంటే ఇంప్లాంట్ వెనక ఉండి మిగిలిన కండని ముందుకు తోస్తుంది కాబట్టి త్వరగా వేలికి దొరుకుతుంది. దొరికినదాన్ని మనం దాచకూడదు, అంతే.

నేను చాలాసేపు మాట్లాడాను. ఇక మీరు అడగండి.

(ప్రశ్న: సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకిపోద్దంటారు కదా డాక్టరమ్మా?)

అంటారు, నేను సర్జరీ చదువుకునే రోజుల నుంచీ వింటున్నాను. పాకదు. సూది పరీక్ష చేయకుండా కత్తి పెట్టేస్తే నష్టం ఎక్కువ, ఎందుకంటే గడ్డ ఏమిటో తెలియకుండా చేసిన ఆపరేషన్ని మళ్ళీ చేయాల్సి వస్తుంది. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు అడగాల్సింది వేరే ఉంది. సూది ఇంప్లాంట్‌కి తగిలితే? చిరుగుతుంది. అందుకే ఉత్త చేత్తో పట్టుకుని గుచ్చకూడదు, స్కాన్‌లో చూస్తూ సూదిని ఇంప్లాంట్‌కి పక్కవాటుగా నడిపించాలి. చేయి తిరిగిన రేడియాలజిస్టు చేస్తే భయం లేదు. సన్నసూదితో నాలుగు కణాలు లాగడం కన్నా, లావు సూదితో చిన్న ముక్క తీయడం మేలు, రిపోర్టు గట్టిగా వస్తుంది. మత్తింజెక్షన్ ఇస్తారు, అరగంటలో ఇంటికెళ్ళిపోవచ్చు.

(ప్రశ్న: గడ్డకి నొప్పి లేదు. నొప్పి లేకపోతే ఫర్వాలేదు కదా?)

తిరగేసి పట్టుకున్నారు మీరు. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువవాటికి మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేదని ఊరుకోవద్దు, నొప్పి ఉందని హడలిపోవద్దు. ఉందా లేదా అన్నది పక్కనపెట్టి చూపించుకోండి.

(ప్రశ్న: మ్యామోగ్రామ్ మిషన్లో నొక్కితే సంచి పగిలిపోదా?)

పగలడం చాలా అరుదు. ముందే పాతబడి, చిరగడానికి సిద్ధంగా ఉన్నవాటితో ఎప్పుడో ఒకసారి జరగొచ్చు. టెక్నీషియన్‌కి చెప్తే ఇంప్లాంట్ మీద ఒత్తిడి తగ్గించి తీస్తుంది. చెప్పకపోతే మామూలుగా నొక్కేస్తుంది, ఆ పిల్లకేం తెలుసు?

(ప్రశ్న: మా చెల్లికి ఇంప్లాంట్ ఉంది, ఇప్పుడు పాలిస్తోంది. గడ్డ కట్టింది. పాలు మాన్పించాలా?)

మాన్పించొద్దు. పాలిచ్చే తల్లికి ఇంప్లాంట్ ఉన్నా లేకపోయినా పాలు కట్టి గడ్డలా తగలడం మామూలే, బిడ్డకి పట్టిస్తూ ఉంటే చాలావరకు దిగిపోతుంది. జ్వరం, ఎరుపు ఉంటే వెంటనే డాక్టరు. ఏమీ లేకుండా రెండు వారాలైనా అలాగే ఉంటే అల్ట్రాసౌండ్, అది పాలిచ్చేవాళ్ళకీ తీయొచ్చు. ఇందాకటి కాపడం మాట గుర్తుంచుకోమనండి.

(ప్రశ్న: మనది ఒడిశా ఆరోగ్య కార్డు. విశాఖ వెళ్తే చెల్లదంటున్నారు. ఎక్కడికెళ్ళాలి?)

ఇది మన సరిహద్దు వాళ్ళ గొడవ, కిలోమీటర్ల లెక్కలో విశాఖ దగ్గర, కాగితాల లెక్కలో కటక్ దగ్గర. ఆంధ్రావాళ్ళ ఆరోగ్యశ్రీ, ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మీకు పనికిరాదు, అది వాళ్ళ కార్డున్నవాళ్ళకే. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలోనూ చూస్తారు, కానీ వెళ్ళేముందు ఆ ఆసుపత్రికే ఫోన్ చేసి మా కార్డు తీసుకుంటారా అని అడిగి, ఎవరితో మాట్లాడారో పేరు రాసుకుని వెళ్ళండి. బరంపురంలో ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అందం కోసం చేయించుకున్న ఇంప్లాంట్ మార్చుకోవడానికి కార్డు మీద డబ్బు రాదు. గడ్డ క్యాన్సర్ అని తేలితే ఆ వైద్యానికి వస్తుంది. ఇంకోటి, ఎక్కడికెళ్ళినా ముక్క పరీక్ష చేసిన గాజు పలకలు, మైనపు దిమ్మలు అడిగి వెంట తీసుకెళ్ళండి. రిపోర్టు కాగితం ఒక్కటీ పట్టుకెళ్తే చాలాచోట్ల పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చేస్తారు.

(ప్రశ్న: ఇంప్లాంట్ కార్డు పోయింది, ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఇప్పుడు అక్కడ లేరు. ఏం చేయాలి?)

డాక్టరు లేకపోయినా ఆసుపత్రి ఉంటుంది కదా, రికార్డ్స్ సెక్షన్‌కి ఒక అర్జీ పెట్టండి, ఆపరేషన్ నోట్సు, ఇంప్లాంట్ స్టిక్కరు ఉన్న పేజీ జిరాక్స్ కావాలని. మీ పేరు, ఆపరేషన్ తేదీ, డిశ్చార్జి కాగితం ఉంటే దాని నంబరు రాయండి. పాతవైతే ఉంచకపోవచ్చు, త్వరగా అడగండి. అదీ దొరక్కపోతే ఆ బిల్లు వెతకండి, కొన్ని బిల్లుల్లో కంపెనీ పేరు వేస్తారు. ఏమీ దొరక్కపోయినా స్కాన్ ఆపొద్దు, కార్డు లేనివాళ్ళకీ వైద్యం ఉంది.

(ప్రశ్న: నాకీ ఇంప్లాంట్లూ అవీ లేవమ్మా. పదేళ్ళ కిందట ఒకవైపు తీసేశారు. జాకెట్లో గుడ్డ మడిచి పెట్టుకుంటాను. ఆ కుట్టు పక్కన ఈ మధ్య శనగ గింజంత ఏదో తగులుతోంది. మీరు చెప్పింది నాకు కాదేమోనని అడగలేదు.)

మీకే మామ్మగారూ, మీకు కాకపోతే ఎవరికి? ఎన్నాళ్ళుగా తగులుతోంది? దసరా నుంచా? ఇంట్లో ఎవరికైనా చెప్పారా? కోడలికి చెప్పలేదా... సరే. ఇక్కడ పక్కన గది ఉందా? ఉంది కదా, తలుపుకి గడియ ఉందా? మీరు అక్కడ కూర్చోండి, నేనొచ్చి చూస్తాను, రేపు స్కాన్ ఎక్కడ తీయించాలో రాసిస్తాను. సిస్టర్ గారు మీతో వస్తారు. మిగతావాళ్ళు ఇంకేమైనా ఉంటే చీటీల మీద రాసి ఆ ట్రేలో వేయండి, పేర్లు రాయనక్కర్లేదు. భోజనాలు మొదలుపెట్టేయండి, నాకోసం ఆగకండి.